మీటర్లన్నీ నెట్‌కి కలిపాం, కరెంటు బిల్లు మాత్రం కదల్లేదు. ఎక్కడ చూడాలి?

ప్లాంట్_డెస్క్
సోమవారం, ఉదయం 10:14

అందరికీ నమస్కారం. మాది ప్లాస్టిక్ మూతలు, డబ్బాలు తయారుచేసే యూనిట్. ఇంజెక్షన్ మౌల్డింగ్ మెషీన్లు, రెండు స్క్రూ కంప్రెసర్లు, ఒక చిల్లర్ (నీళ్లు చల్లబరిచే మెషీన్), కూలింగ్ టవర్, పై అంతస్తులో ఆఫీసు. పోయినేడాది ప్రతి ఫీడర్‌కీ (ఒక్కో విభాగానికి వెళ్లే కరెంటు లైన్) డిజిటల్ మీటర్ పెట్టించి, గేట్‌వే (మీటర్ల డేటాను నెట్‌కి పంపే పెట్టె) ద్వారా క్లౌడ్‌కి కలిపాం. డాష్‌బోర్డు బ్రహ్మాండంగా ఉంది. ఏ మెషీన్ ఎంత లాగుతోందో ఫోన్‌లోనే కనిపిస్తుంది. రిసెప్షన్‌లో పెద్ద స్క్రీన్ కూడా తగిలించారు.

ఇప్పుడు యాజమాన్యం అడుగుతున్నది ఒక్కటే, ఎంత మిగిలిందని. బిల్లులు చూస్తే మిగిలిందేమీ లేదు. మీటర్లు అమ్మినవాళ్లని అడిగితే ఇది మొదటి దశేనట, దీని మీద ఏఐ మాడ్యూల్ వేసుకుంటే 20 శాతం దాకా తగ్గుతుందట. మళ్లీ డబ్బు పెట్టమనడానికి నాకు నోరు రావడం లేదు. ఈ కనెక్టెడ్ వ్యవహారం నిజంగా కరెంటు ఆదా చేస్తుందా, లేక చూసుకుని మురిసిపోవడానికేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రాత్రిషిఫ్ట్
సోమవారం, ఉదయం 10:52

ఏఐ సంగతి తర్వాత చూద్దాం. ఆ రంగురంగుల నెలవారీ బొమ్మలు కాసేపు మూసేసి, 15 నిమిషాల డేటాను ఎక్సెల్‌లోకి దించండి. ఉత్పత్తి లేని ఒక సెలవురోజు తీసుకోండి. తెల్లవారుజామున 2 నుంచి 4 మధ్య మెయిన్ మీటర్ ఎంత చూపిస్తోంది? ఆ టైములో ఒక్క మూత కూడా తయారవదు. కాబట్టి అక్కడ కనిపించే ప్రతి కిలోవాట్‌కీ ఎవరో ఒకరు సంజాయిషీ చెప్పుకోవాలి.

నెలసరి బిల్లులో ఇది ఎప్పటికీ కనబడదు. నెట్‌కి కలిపిన మీటర్ వల్ల వచ్చే అసలు లాభం ఇదే, మనిషి లేని గంటల్లో ఏం జరుగుతోందో చూపిస్తుంది. ఆ నంబర్ ఇక్కడ పెట్టండి, తర్వాత మాట్లాడుకుందాం.

సంశయాత్మ
సోమవారం, ఉదయం 11:20

ఆదా సంగతి అటుంచండి, ఈ మీటర్లు, గేట్‌వేలు, రౌటర్లు, స్క్రీన్లు తాగే కరెంటు ఎవరైనా లెక్కేశారా? పైగా క్లౌడ్ అంటే గాల్లో ఉండదు కదా, ఎక్కడో సర్వర్లు నడవాలి. ప్రపంచంలో డేటా సెంటర్లు 2024లో దాదాపు 415 టెరావాట్ అవర్లు వాడాయని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. మొత్తం విద్యుత్తులో ఒకటిన్నర శాతం. కరెంటు మిగల్చడానికి కరెంటు తాగే సామాను కొనడం నాకు వింతగానే ఉంటుంది.

ప్లాంట్_డెస్క్
సోమవారం, మధ్యాహ్నం 3:05

@రాత్రిషిఫ్ట్ గారూ, దించి చూశాను. నిజంగా గుండె గుభేలుమంది. పనిరోజు సగటు లోడ్‌లో దాదాపు నాలుగో వంతు సెలవురోజు అర్ధరాత్రి కూడా నడుస్తోంది. ఫీడర్ల వారీగా చూస్తే కంప్రెసర్ గదిది అగ్రస్థానం. తర్వాత మౌల్డింగ్ హాల్, ఆ తర్వాత చిల్లర్ పంపులు. ఆఫీసు నాలుగోది.

రాత్రిషిఫ్ట్
సోమవారం, మధ్యాహ్నం 3:11

వచ్చింది చూశారా బయటికి. కంప్రెసర్ల గురించి @గాలిలీకు గారు రావాలి.

గాలిలీకు
సోమవారం, సాయంత్రం 6:40

వచ్చేశాను. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

ఫ్యాక్టరీలో అన్నిటికన్నా ఖరీదైన ఇంధనం కంప్రెస్డ్ ఎయిర్. మోటారుకి ఇచ్చిన కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది, గాలి రూపంలో చివర పనికొచ్చేది పది, పదిహేను శాతమే. అలాంటి గాలిని కూడా జనం నేల ఊడ్చడానికి, బట్టల మీద దుమ్ము దులుపుకోవడానికి వాడతారు. సరే, ఆ గొడవ వదిలేద్దాం.

సెలవురోజు ఏ మెషీనూ నడవకపోతే గాలి ఎవరు వాడుతున్నట్టు? లీకులు. పట్టించుకోని ప్లాంట్లలో కంప్రెసర్ ఇచ్చే గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల పాలవడం మామూలే. 7 బార్ ప్రెషర్‌లో 3 మిల్లీమీటర్ల చిల్లు ఒక్కటి ఉంటే దాన్ని పోషించడానికే 3 కిలోవాట్లకు పైగా కావాలి. ఆ చిల్లుకి ఆదివారం లేదు, పండగ లేదు. మెషీన్ల రొదలో ఆ శబ్దం వినపడదు కూడా. 40 కిలోహెర్ట్జ్ దగ్గర వినే అల్ట్రాసోనిక్ డిటెక్టర్ పట్టుకుని పైపు వెంట నడిస్తే బయటపడుతుంది. ఎక్కువగా దొరికేది క్విక్ కప్లింగుల దగ్గర, ఎఫ్ఆర్ఎల్ యూనిట్ (గాలి ఫిల్టర్, రెగ్యులేటర్, లూబ్రికేటర్) గిన్నెల దగ్గర, అరిగిపోయిన సిలిండర్ సీళ్ల దగ్గర, ఆటో డ్రెయిన్ ఇరుక్కుపోయి తెరుచుకునే ఉన్నచోట.

ఇక మీ డేటాలో చూడాల్సింది ఇది. కంప్రెసర్ ఫీడర్ గ్రాఫ్‌ను 15 నిమిషాల్లో కాకుండా, వీలైతే పది సెకన్లకోసారి రికార్డు చేయండి. సెలవురోజు అది రంపం పళ్లలా పైకీ కిందికీ కొడుతుంటే కంప్రెసర్ లోడ్, అన్‌లోడ్ అవుతూ లీకుల్ని నింపుతోందన్నమాట. ఎన్ని సెకన్లు లోడ్‌లో ఉంది, ఎన్ని సెకన్లు అన్‌లోడ్‌లో ఉంది అన్నది కొలిస్తే లీకు శాతం వచ్చేస్తుంది: లోడ్ టైమును మొత్తం సైకిల్ టైముతో భాగించి 100తో గుణించండి, అంతే. దీనికి ఏ ఏఐ అక్కర్లేదు. అన్‌లోడ్‌లో ఉంటే పోయేదేముంది అనుకోకండి. గాలి ఇవ్వకుండా ఊరికే తిరిగే స్క్రూ కంప్రెసర్ కూడా ఫుల్‌లోడ్ పవర్‌లో పాతిక, ముప్ఫై శాతం లాగుతూనే ఉంటుంది.

ఇంకో విషయం, రెండు కంప్రెసర్లు ఉన్నాయన్నారు. వాటి ప్రెషర్ సెట్టింగులు విడివిడిగా ఉన్నాయా, ఒకే సీక్వెన్సర్ (రెండిటినీ వంతులవారీగా నడిపే కంట్రోలర్) కింద ఉన్నాయా? విడివిడిగా ఉంటే రెండూ సగం సగం లోడ్‌లో ఒకదానితో ఒకటి పోటీపడుతుంటాయి. కనెక్టెడ్ కంట్రోల్‌కి ఇక్కడ నిజంగా పని ఉంది. ఒకటి నిండా నడవాలి, వేరియబుల్ స్పీడ్ ఉన్నది హెచ్చుతగ్గులు చూసుకోవాలి. అప్పుడు ప్రెషర్ బ్యాండ్ బిగించవచ్చు. ఒక బార్ తగ్గిస్తే కంప్రెసర్ కరెంటు దాదాపు 6, 7 శాతం తగ్గుతుంది. లీకులు కూడా ఆ మేరకు తగ్గుతాయి, అది బోనస్.

సంశయాత్మ
సోమవారం, సాయంత్రం 7:15

చూశారా, లీకు మూయడానికి కావలసింది టెఫ్లాన్ టేపు. క్లౌడ్ కాదు :)

గాలిలీకు
సోమవారం, సాయంత్రం 7:22

మూసేది టేపే. కానీ మూసిన ఆరునెలలకి మళ్లీ ఎన్ని తెరుచుకున్నాయో టేపు చెప్పదు సార్.

లెక్కలపద్దు
మంగళవారం, ఉదయం 8:30

ఎనర్జీ ఆడిట్లు చేసేవాణ్ని. అసలు ప్రశ్న దగ్గరే నాకు పేచీ ఉంది. బిల్లు తగ్గలేదు కాబట్టి ఆదా లేదు అనడం సరైన లెక్క కాదు. పోయినేడాది కన్నా ఈ ఏడాది ఎంత సరుకు తీశారు? కొత్త మెషీన్ ఏమైనా వచ్చిందా? ఎండలు ఎలా ఉన్నాయి? ఇవేవీ లేకుండా రెండు బిల్లులు పక్కపక్కన పెడితే ఏదీ తేలదు, ఆదా ఉన్నా కనబడదు, లేకపోయినా కనబడదు.

చాలామంది కిలోకి ఎన్ని యూనిట్లు అని చూస్తారు. అది మరీ మోసం. మీ ప్లాంటునే తీసుకోండి, నాలుగో వంతు లోడ్ ఉత్పత్తితో సంబంధం లేకుండా నడుస్తోంది. ఆర్డర్లు తగ్గిన నెలలో ఆ స్థిర ఖర్చు తక్కువ కిలోల మీద పడి కిలోకి యూనిట్లు పెరుగుతాయి. మేనేజర్‌ని తిడతారు. ఆర్డర్లు బాగున్న నెలలో అదే నంబర్ దానంతటదే తగ్గుతుంది, శభాష్ అంటారు. రెండిట్లోనూ అతను చేసిందేమీ లేదు.

సరైన పద్ధతి పాతదే. వారం వారీగా కరెంటు ఒక వైపు, ఉత్పత్తి ఒక వైపు పెట్టి చుక్కలు గుర్తించి గీత గీయండి. ఉత్పత్తి సున్నా దగ్గర గీత ఎక్కడ తాకుతుందో అది మీ స్థిర లోడ్. దాని వాలు చూస్తే ఒక్కో కిలోకి నిజంగా అయ్యే ఖర్చు తెలుస్తుంది. చిల్లర్ ఉంది కాబట్టి కూలింగ్ డిగ్రీ డేస్ (ఎండ ఎంత ఎక్కువుందో చెప్పే లెక్క) కూడా రెండో కారకంగా పెట్టండి. మీటర్లు పెట్టకముందు ఏడాది డేటాతో గీసిన ఈ గీతే బేస్‌లైన్. తర్వాత ప్రతి వారం ఆ గీత ప్రకారం ఎంత కావాల్సింది, నిజంగా ఎంత అయింది, తేడా ఎంత? ఆ తేడాల్ని కూడుకుంటూ పోతే వచ్చేదే కుసుమ్ (CUSUM) చార్టు. ఏదైనా మార్పు పనిచేస్తే ఆ చార్టు గీత అక్కడినుంచి కిందికి వంగుతుంది. ఏ వారంలో వంగిందో కూడా తెలిసిపోతుంది.

ఐఎస్ఓ 50001 అని 2011లో ఒక ప్రమాణం వచ్చింది, 2018లో సవరించారు. అందులో సగం గోల ఈ బేస్‌లైన్ గురించే. బేస్‌లైన్ లెక్క ఎలా కట్టాలో చెప్పడానికి 50006 అని విడిగా ఇంకొకటి ఉంది. సర్టిఫికెట్ తీసుకోకపోయినా ఫర్వాలేదు, ఆ ఆలోచన మాత్రం తీసుకోండి.

సీటీ_కాయిల్
మంగళవారం, ఉదయం 9:48

లెక్కలపద్దు గారు చెప్పినవన్నీ మీటర్ నిజం చెబుతోందన్న నమ్మకం మీద ఆధారపడి ఉన్నాయి. ప్యానెల్ వైరింగ్ నా పని, ఈ కనెక్టెడ్ మీటర్ల ప్రాజెక్టుల్లో అబద్ధాలు చెప్పే మీటర్లు కొల్లలుగా చూశాను.

మూడు ఫేజుల్లో ఒక సీటీ (మీటర్‌కి కరెంటు కొలిచి ఇచ్చే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) తిరగబడి ఉంటే, సమానంగా లోడ్ ఉన్న మోటారుకి మీటర్ మొత్తం మూడో వంతే చూపిస్తుంది. రెండు ప్లస్సులు, ఒక మైనస్ కదా. గ్రాఫ్ ఆకారం మాత్రం చక్కగానే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. రెండు సీటీలు ఒకదాని ఫేజులోకి ఒకటి మారితే ఇంకా విచిత్రం, బ్యాలెన్స్‌డ్ లోడ్‌కి కిలోవాట్ సున్నా దగ్గర కూర్చుంటుంది. యాంపియర్లు మాత్రం నిండుగా చూపిస్తుంది. "ఈ మెషీన్ అస్సలు కరెంటు తాగదు సార్, సూపర్" అని దాన్ని మీటింగుల్లో పొగిడినవాళ్లు కూడా ఉన్నారు.

సీటీ రేషియో 200/5 అయితే మీటర్లో 100/5 అని కొట్టినా అంతే, సగమే చూపిస్తుంది. మోడ్‌బస్‌లో (మీటర్లు, గేట్‌వే మాట్లాడుకునే భాష) 32 బిట్ల విలువ రెండు రిజిస్టర్లలో వస్తుంది, గేట్‌వేలో వాటి వరుస తారుమారైతే అర్థంపర్థంలేని అంకెలు వస్తాయి. అది మాత్రం వెంటనే తెలిసిపోతుంది కాబట్టి నయం.

పరీక్ష చాలా తేలిక. ఒక రోజు అన్ని సబ్‌మీటర్ల యూనిట్లు కూడండి, మెయిన్ మీటర్‌తో పోల్చండి. మీటర్ లేని ఫీడర్లు ఉంటే అవి తీసి, రెండు మూడు శాతం తేడా అయితే సరే. పది శాతం తేడా ఉంటే డాష్‌బోర్డు పక్కన పెట్టి క్లాంప్ మీటర్ పట్టుకుని ప్యానెల్ దగ్గరికి వెళ్లండి.

ప్లాంట్_డెస్క్
మంగళవారం, మధ్యాహ్నం 12:30

కూడి చూశాను. చిల్లర్ ఫీడర్ తప్ప మిగతావి సరిపోతున్నాయి. చిల్లర్ మీటర్ చూపించేది నేమ్‌ప్లేట్‌తో పోలిస్తే మరీ తక్కువగా ఉంది. మెయిన్‌లో లెక్క తేలని భాగం సరిగ్గా దానికి రెట్టింపు!

సీటీ_కాయిల్
మంగళవారం, మధ్యాహ్నం 12:41

తిరగబడ్డ సీటీ. పార్టీ ఎప్పుడు?

(సప్లై ఆపి, సర్టిఫైడ్ ఎలక్ట్రీషియన్‌తోనే సరిచేయించండి. నడుస్తున్న సీటీ సెకండరీ వైరు విప్పితే ప్రమాదకరమైన ఓల్టేజీ పుడుతుంది. సరదా కాదు.)

చల్లగాలి
మంగళవారం, సాయంత్రం 5:55

చిల్లర్ మాట వచ్చింది కాబట్టి నేనూ కూర్చుంటాను. నా మటుకు ఎక్కువ ఆదా కనిపించేది ఫ్యాన్లు, పంపుల దగ్గర. ప్రపంచంలో వాడే విద్యుత్తులో సగానికి కాస్త తక్కువ మోటారు వ్యవస్థలకే పోతుంది, అందులో పంపులు, ఫ్యాన్లు, కంప్రెసర్లే ఎక్కువ. వీటికి ఒక వరం ఉంది: వేగం తగ్గిస్తే పవర్ ఘనంలో తగ్గుతుంది. ఫ్యాన్‌ను 80 శాతం వేగంతో తిప్పితే పవర్ 51 శాతం చాలు. కూలింగ్ టవర్ ఫ్యాన్‌కీ ఏహెచ్‌యూకీ (ఏసీ గాలిని గదులకు పంపే యూనిట్) ఇది చాలావరకు నిజమవుతుంది. నీటిని ఎత్తుకి తోసే పంపుకి మాత్రం అంత రాదు, ఆ ఎత్తు వేగంతో పాటు తగ్గదు కదా. అమ్మేవాళ్లు ఘనం లెక్క అన్నిటికీ వేసేస్తారు, జాగ్రత్త.

డ్రైవ్ (మోటారు వేగం మార్చే పరికరం) పెట్టడం ఒకెత్తు, దానికి ఎంత వేగం కావాలో చెప్పడం ఇంకొకెత్తు. సెన్సర్లు, కనెక్షన్లు అవసరమయ్యేది అక్కడే. కాన్ఫరెన్స్ హాల్లో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో చూసి ఫ్రెష్ ఎయిర్ ఇవ్వడం, అన్ని వాల్వులూ సగం మూసుకుంటే పంపు ప్రెషర్ సెట్‌పాయింట్ దించడం లాంటివి. చిల్డ్ వాటర్ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెంచగలిగితే చిల్లర్ కరెంటు 2, 3 శాతం తగ్గుతుంది. మౌల్డ్‌కి నిజంగా ఎంత చల్లటి నీళ్లు కావాలో ఎప్పుడైనా అడిగారా? చాలాచోట్ల కమిషనింగ్ రోజు పెట్టిన నంబరే శిలాశాసనం.

ఇప్పుడు ఏఐ. ఊరికే కొట్టిపారేయకండి. గూగుల్ వాళ్ల ఏఐ సంస్థ డీప్‌మైండ్ 2016లో గూగుల్ డేటా సెంటర్ కూలింగ్‌లో దీన్ని వాడి, చల్లబరచడానికి అయ్యే కరెంటు 40 శాతం దాకా తగ్గించామని ప్రకటించింది. మొదట్లో అది సలహాలిచ్చేది, ఆపరేటర్లు అమలుచేసేవారు. 2018 నాటికి నేరుగా కంట్రోల్ అప్పగించారు, భద్రతా పరిమితుల మధ్య. పనిచేయడానికి కారణం ఉంది. టవర్ నీళ్లు ఎంత చల్లబరిస్తే చిల్లర్‌కి అంత సుఖం, కానీ టవర్ ఫ్యాన్లకి అంత కష్టం. రెండిటి మొత్తం ఎక్కడ కనిష్ఠమో అది గాలిలో తేమను బట్టి, లోడ్‌ను బట్టి గంటగంటకీ మారుతుంది. మనిషి రోజంతా దాన్ని వెంటాడలేడు, ప్రోగ్రాం వెంటాడగలదు. అక్కడ వేల సెన్సర్లు, ఏళ్ల తరబడి డేటా, నిలకడైన లోడ్ ఉన్నాయి. ఒక చిల్లర్, తిరగబడ్డ సీటీ ఉన్నచోట అదే 40 శాతం ఆశించకూడదు.

ప్లాంట్_డెస్క్
మంగళవారం, రాత్రి 8:10

మేడమ్, మీరు చివర్లో వేసింది బాగా తగిలింది :) మరైతే ఆ 20 శాతం మాడ్యూల్‌కి ఏం సమాధానం చెప్పను?

లెక్కలపద్దు
మంగళవారం, రాత్రి 8:45

20 శాతం దేనిలో అని అడగండి. మొత్తం బిల్లులోనా, చిల్లర్ ప్లాంటులోనా? చిల్లర్ ప్లాంటు మీ బిల్లులో ఐదో వంతు అయితే, దానిలో 20 శాతం అంటే మొత్తంలో 4 శాతం. బ్రోషర్‌లో ఆ చిన్న ముక్క ఎక్కడుంటుందో వెతుక్కోవాలి. తర్వాత, వాళ్ల మాడ్యూల్‌ను ఒక వారం ఆన్, ఒక వారం ఆఫ్ చేస్తూ కొన్నాళ్లు నడపడానికి ఒప్పుకుంటారా? సాఫ్ట్‌వేర్ ఆదాకి ఇంతకన్నా నిజాయితీ గల పరీక్ష లేదు, ఎందుకంటే ఇన్సులేషన్ లాంటిదాన్ని వారానికోసారి విప్పలేం, సాఫ్ట్‌వేర్‌ని ఆపగలం. ఒప్పుకోకపోతే మీకు సమాధానం దొరికినట్టే. బేస్‌లైన్ మాత్రం వాళ్లని గీయనివ్వకండి, గీసినా సూత్రం, డేటా మీ చేతిలో ఉండాలని కాంట్రాక్టులో రాయించండి.

సంశయాత్మ
మంగళవారం, రాత్రి 9:30

నా మొదటి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. వీటి సొంత తిండి ఎంత?

సీటీ_కాయిల్
మంగళవారం, రాత్రి 9:52

లెక్కేద్దాం. మీటర్లు, గేట్‌వేలు, సెన్సర్లు కలిపి 150 పరికరాలు, ఒక్కోటి సగటున 2 వాట్లు అనుకోండి. 300 వాట్లు, ఏడాదికి 2,628 యూనిట్లు. గాలిలీకు గారి 3 మిల్లీమీటర్ల చిల్లు 3 కిలోవాట్ల చొప్పున ఏడాదంతా పోతే 26,280. అంటే ఒక్క చిల్లు మూసినా పదేళ్ల తిండి సంపాదించినట్టు.

కానీ మీ మాటలోనూ పస ఉంది. రిసెప్షన్‌లో పెద్ద స్క్రీన్ అన్నారు కదా. 150 వాట్ల తెర రాత్రింబవళ్లు వెలిగితే 1,314 యూనిట్లు. మీటర్లన్నిటి తిండిలో సగం, ఎవరూ చూడని గంటల్లో! మా డాష్‌బోర్డు చూడండి అని చెప్పే స్క్రీన్ ఆ డాష్‌బోర్డులో కనిపించదు. అందుకే యూరోపియన్ యూనియన్ 2013లో నెట్‌వర్క్ స్టాండ్‌బైకి కూడా పరిమితులు పెట్టింది.

సంశయాత్మ
మంగళవారం, రాత్రి 10:04

సరే, తిండి మాట ఒప్పుకుంటున్నా. ఇంకో శంక. 1865లోనే జెవన్స్ అనే ఆర్థికవేత్త బొగ్గు గురించి చెప్పాడు, యంత్రం పొదుపుగా మారితే బొగ్గు వాడకం తగ్గదు, పెరుగుతుందని. కిలో మూతకి ఖర్చు తగ్గితే వీళ్లు ఇంకో లైన్ వేస్తారు. అప్పుడు ఆదా ఏముంది?

లెక్కలపద్దు
మంగళవారం, రాత్రి 10:31

దేశం మొత్తం లెక్కలో అది గట్టి ప్రశ్నే. ఫ్యాక్టరీలో మాత్రం ఆదివారం అర్ధరాత్రి లీకు మూస్తే దాని వల్ల ఎవరూ ఎక్కువ మూతలు కొనరు. ఎవరికీ పనికిరాని కరెంటు తీసేస్తే తిరిగి రావడానికి దారి చాలా సన్నం. మీరు చెప్పేది లైట్ల విషయంలో ఎక్కువ చూశాను, ఎల్ఈడీ వచ్చాక ఇంతకుముందు దీపమే లేని చోట్ల కూడా అలంకారానికి పెట్టారు.

నెట్‌వర్క్_కాపలా
బుధవారం, ఉదయం 9:15

ఐటీ వైపు నుంచి ఒక మాట. మీటర్ చదవడం వేరు, క్లౌడ్ నుంచి మెషీన్‌ను నడపడం వేరు. మోడ్‌బస్ 1979 నాటిది, అందులో పాస్‌వర్డ్ అనే ఊహే లేదు. ఆ నెట్‌వర్క్‌లోకి వచ్చిన ఎవరైనా డ్రైవ్‌కి ఆగు అని చెప్పొచ్చు, అది ఆగుతుంది. 2013లో అమెరికాలో టార్గెట్ స్టోర్ల నుంచి దాదాపు 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. దొంగలు లోపలికి వచ్చింది రిఫ్రిజిరేషన్ కాంట్రాక్టర్ లాగిన్ పట్టుకుని.

కాబట్టి మీటర్ల నెట్‌వర్క్‌ని ఆఫీసు నెట్‌వర్క్ నుంచి విడగొట్టండి. గేట్‌వే బయటికి డేటా పంపాలే తప్ప బయటినుంచి లోపలికి ఏ దారీ తెరిచి ఉండకూడదు. వెండర్ రిమోట్ యాక్సెస్ అవసరమైనప్పుడు మీరు ఆన్ చేయాలి, పని అయ్యాక ఆపేయాలి. కంట్రోల్ కూడా ఇస్తే ఒకటి అడగండి, ఇంటర్నెట్ పోతే ఆ పంపు ఏం చేస్తుంది? చివరి వేగంతో అలాగే తిరుగుతుందా, ఫుల్ స్పీడ్‌కి వెళ్తుందా, ఆగిపోతుందా? ఈ ప్రశ్నకి నీళ్లు నమిలే వెండర్‌కి సెట్‌పాయింట్లు అప్పగించకండి.

రాత్రిషిఫ్ట్
బుధవారం, మధ్యాహ్నం 1:20

ఇంతమంది ఇన్ని చెప్పారు, నేను షాప్‌ఫ్లోర్ సంగతి చెబుతాను. డ్రైవ్ ప్యానెల్ మీద హ్యాండ్, ఆఫ్, ఆటో అని స్విచ్ ఉంటుంది. ఎంత గొప్ప ఆటోమేషన్ అయినా ఆ స్విచ్ హ్యాండ్‌లో ఉంటే సున్నా. ఒక రాత్రి టెంపరేచర్ అలారం వస్తుంది. ఆపరేటర్ పంపుని హ్యాండ్‌లో పెట్టి ఫుల్ స్పీడ్ ఇస్తాడు, సమస్య తీరుతుంది. పొద్దున్న షిఫ్ట్ మారుతుంది, ఆ స్విచ్ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఏడాది తర్వాత చూసినా హ్యాండే. స్క్రీన్ మీద మాత్రం ఆప్టిమైజ్‌డ్ అని పచ్చగా వెలుగుతూ ఉంటుంది.

ఆపరేటర్ని తప్పుపట్టను. కరెంటు ఎక్కువైతే అతన్ని ఎవరూ అడగరు, మౌల్డ్ వేడెక్కి సరుకు పాడైతే మాత్రం అందరూ అడుగుతారు. అతని స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. అందుకని ఆ స్విచ్ స్థితిని కూడా నెట్‌వర్క్‌లోకి తీసుకురండి. ఒక ఆక్సిలరీ కాంటాక్ట్, ఒక డిజిటల్ ఇన్‌పుట్, అంతే ఖర్చు. ఎనిమిది గంటలకు మించి హ్యాండ్‌లో ఉంటే షిఫ్ట్ ఇన్‌చార్జికి మెసేజ్. నా అనుభవంలో ఇది మిగిల్చినంత ఏ డాష్‌బోర్డూ మిగల్చలేదు.

మెసేజ్ ఎవరికి వెళ్తుందన్నది కూడా చూడండి. చాలాచోట్ల అలర్టులు ఎనర్జీ మేనేజర్ మెయిల్‌కి వెళ్తాయి. అతనికి కంప్రెసర్ ఆపే అధికారం ఉండదు. ఆపే అధికారం ఉన్నవాడికి మెయిల్ చూసే అలవాటు ఉండదు. పైగా రోజుకి నలభై అలర్టులు వస్తే మూడో రోజుకల్లా అన్నీ మ్యూట్. వారానికి రెండు మూడు, అవి కూడా చేయగలిగిన పని ఉన్నవే పంపండి.

చల్లగాలి
బుధవారం, మధ్యాహ్నం 1:48

హ్యాండ్ స్విచ్ గురించి చెప్పినదానికి వంద లైకులు. ఏహెచ్‌యూ ప్యానెళ్లలో కూడా ఇదే కథ.

లోడ్_కర్వ్
బుధవారం, సాయంత్రం 4:30

ఒక చిన్న తేడా ఎవరూ చెప్పలేదు. బిల్లు తగ్గడం, కరెంటు తగ్గడం ఒకటి కాదు. గరిష్ఠ డిమాండ్‌ను చాలాచోట్ల 15 లేదా 30 నిమిషాల విండోలో కొలుస్తారు. సెలవు తర్వాత పొద్దున్నే అన్ని మెషీన్ల హీటర్లు, చిల్లర్, కంప్రెసర్లు ఒకేసారి వేస్తే ఆ అరగంటే నెలంతటి డిమాండ్ చార్జీని నిర్ణయిస్తుంది. మీటర్లు నెట్‌లో ఉన్నాయి కాబట్టి వరుసక్రమంలో స్టార్ట్ చేయించడం తేలిక. డబ్బు మిగులుతుంది, యూనిట్లు మాత్రం అంతే. పవర్ ఫ్యాక్టర్ సరిచేయడం కూడా ఎక్కువగా ఈ కోవలోకే వస్తుంది. యాజమాన్యానికి రెండూ విడివిడిగా చూపించండి, లేకపోతే వచ్చే ఏడాది లెక్క చిక్కుపడుతుంది.

ప్లాంట్_డెస్క్
సోమవారం, ఉదయం 11:05

అందరికీ ధన్యవాదాలు. నిన్న సెలవు, గాలిలీకు గారు చెప్పినట్టు పది సెకన్ల రికార్డు పెట్టాను. రంపం పళ్లే! లెక్కేస్తే లీకు 27 శాతం వచ్చింది. మెయింటెనెన్స్ అతనూ నేనూ పైపు వెంట నడిచాం. మెషీన్లు ఆగి ఉండటంతో డిటెక్టర్ లేకుండానే చెవికి వినిపించాయి. ఎప్పుడో తీసేసిన ప్యాకింగ్ లైన్‌కి వెళ్లే బ్రాంచి ఇంకా ప్రెషర్‌లోనే ఉంది, చివర బాల్ వాల్వ్ సరిగా మూసుకోక బుసకొడుతోంది. దాన్ని మొదట్లోనే బ్లైండ్ చేశాం (మూత బిగించి మూసేశాం). చిల్లర్ పంపుల్లో ఒకటి, చెప్పక్కర్లేదు, హ్యాండ్‌లోనే ఉంది.

ఇప్పుడు రెండు సందేహాలు. మౌల్డింగ్ హాల్లో సెలవురోజు లోడ్ అంతా బ్యారెల్ (ప్లాస్టిక్ కరిగే గొట్టం) హీటర్లదే. ఆపేస్తే పొద్దున్న మళ్లీ వేడెక్కడానికి టైము పడుతుందని సూపర్‌వైజర్లు ఒప్పుకోవడం లేదు. రెండోది, హాల్‌కి వెళ్లే ఎయిర్ హెడర్ (ప్రధాన గాలి పైపు) మీద మోటరైజ్డ్ వాల్వ్ పెట్టి, షిఫ్ట్ అయిపోగానే దానంతటదే మూసుకునేలా చేయొచ్చా?

రాత్రిషిఫ్ట్
సోమవారం, ఉదయం 11:40

హీటర్లు పూర్తిగా ఆపడం, పూర్తిగా వేసి ఉంచడం, రెండే ఉన్నాయనుకుంటారు. ఇప్పటి కంట్రోలర్లలో దాదాపు అన్నిట్లో సెట్‌బ్యాక్ టెంపరేచర్ (ఆగి ఉన్నప్పుడు ఉంచే తక్కువ వేడి), వీక్లీ టైమర్ ఉంటాయి, ఎవరూ వాడరు. కొద్దిసేపటి ఆగుడుకి సెట్‌బ్యాక్, సెలవుకి పూర్తిగా ఆఫ్, షిఫ్ట్‌కి ముందు టైమర్‌తో ఆన్. అందరూ వచ్చేసరికి వేడెక్కి ఉంటుంది. ఎంత ముందు వేయాలన్నది మీ మీటర్ డేటాలోనే ఉంది, హీటర్ లోడ్ పడిపోయి స్థిరపడే క్షణమే అది తయారైన క్షణం. ఒక్కో మెషీన్‌ని వేర్వేరు టైముకి వేయండి, లోడ్_కర్వ్ గారి డిమాండ్ సంగతి కూడా తీరుతుంది. బ్యారెల్‌లో పీవీసీ, అసిటాల్ లాంటివి ఉంటే మాత్రం వేడిలో వదిలేయడమే ప్రమాదం, పాడైపోతాయి. పర్జ్ చేసి (బ్యారెల్ ఖాళీ చేసి) ఆపాల్సిందే. ఇది సూపర్‌వైజర్లకి చెప్పండి, సరుకు మాట అయితే వింటారు.

ఇన్సులేషన్ జాకెట్లు కూడా చూడండి. దానికి నెట్ కనెక్షన్ అక్కర్లేదు, సంశయాత్మ గారు సంతోషిస్తారు.

సంశయాత్మ
సోమవారం, ఉదయం 11:46

సంతోషించాను.

గాలిలీకు
సోమవారం, మధ్యాహ్నం 2:15

వాల్వ్ పెట్టొచ్చు, మంచి ఆలోచన. పెట్టే ముందు ఆ హెడర్ మీద ఇంకేమేం ఉన్నాయో పైపు వెంట వెళ్లి రాసుకోండి. డ్రై పైప్ స్ప్రింక్లర్ (పైపుల్లో గాలి నింపి ఉంచే మంటలార్పే ఏర్పాటు) ఉంటే దానికి గాలి ఆగకూడదు. చిల్లర్, టవర్ దగ్గర గాలితో నడిచే కంట్రోల్ వాల్వులు ఉంటే వాటికి విడిగా చిన్న లైన్ ఇవ్వండి. వాల్వ్ కరెంటు పోతే ఏ స్థితికి వెళ్లాలో ముందే తేల్చుకోండి.

పొద్దున్న తెరిచేటప్పుడు నెమ్మదిగా తెరుచుకునేదే తీసుకోండి, లేదా పక్కన చిన్న బైపాస్ పెట్టి ముందు హెడర్ నింపి తర్వాత పెద్దది తెరవండి. ఖాళీ హెడర్‌లోకి ఒక్కసారిగా గాలి వదిలితే డ్రయ్యర్, ఫిల్టర్ల మీద వాటి సామర్థ్యానికి మించిన ప్రవాహం పడి తేమ, నూనె కిందికి కొట్టుకొస్తాయి. వాల్వ్‌కి రెండువైపులా ప్రెషర్ సెన్సర్ ఒక్కోటి పెట్టించండి. మూసి ఉన్నప్పుడు హాల్ వైపు ప్రెషర్ ఎంత వేగంగా పడిపోతోందో ప్రతి సెలవుకీ రికార్డవుతుంది. ఆ టైము తగ్గుతూ వస్తుంటే కొత్త లీకు పుట్టినట్టు, డిటెక్టర్ తీసుకుని బయల్దేరండి.